వార్నింగ్ ఇచ్చి వదిలేశారట!

మన ఇళ్లలో "వార్నింగ్ ఇచ్చి వదిలేశారట" అనే మాటకి అర్థం ఒక్కటే. గండం గడిచింది, ఏమీ కాలేదు, ఇక అన్నాలకి లేవండి అని. హెడ్మాస్టరు గారు వదిలేసినా, ట్రాఫిక్ కానిస్టేబులు వదిలేసినా ఆ వాక్యంలో మన చెవికెక్కేది చివరి మాటే. ముందున్న 'వార్నింగ్' ఎవరికీ పట్టదు.

నేను ఇంగ్లండులో కాపురం పెట్టి పద్నాలుగేళ్లయింది. మాతోపాటు చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చినవాళ్ల పిల్లలందరికీ ఇప్పుడు పదిహేడు దాటింది. ఇక్కడ కారు నేర్చుకోవడానికి పదిహేడేళ్లు చాలు. దాంతో మా తెలుగు ఆడవాళ్ల కబుర్లలోకి ఇదివరకు లేని మాటలు వచ్చి చేరాయి. ఎగ్జాస్ట్ మార్పించడం, ఇంజన్ ట్యూనింగ్, పెడల్ వదలగానే టపాకాయ పేలినట్టు చప్పుడు చేయించడం. శుక్ర శనివారాల రాత్రుళ్లు మూసేసిన సూపర్‌మార్కెట్ల పార్కింగులో కుర్రాళ్లు చేరతారు. గుండ్రంగా కార్లు తిప్పుతారు, టైర్లు కాలుస్తారు, ఆ పక్క రోడ్డు మీద పందేలు వేసుకుంటారు. చుట్టుపక్కల ఇళ్లలో పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. ఎవరో ఫోన్ చేస్తారు, పోలీసులు వస్తారు, కార్లు ఆపి ఒక్కొక్కరి చేతిలో ఒక కాగితం పెడతారు. ఇక్కడివాళ్లు దాన్ని 'సెక్షన్ 59 వార్నింగ్' అంటారు.

ఆ కాగితం ఒకటి మా స్నేహితురాలి ఇంటికి వచ్చాకే దాని గురించి నేను చదవడం మొదలుపెట్టాను. ఆ కథ తర్వాత చెప్తాను. చదువుతూ చదువుతూ వెనక్కి వెళితే నూట అరవై ఏళ్ల చరిత్ర బయటపడింది. నాకు అందులో ఆసక్తిగా అనిపించింది కార్ల సంగతి కాదు. రోడ్డు మీద ఎవరు ఎవరిని హెచ్చరించాలి అన్న తగాదా. ఆ హెచ్చరిక ఒక్కో కాలంలో ఒక్కో చేతిలోకి మారుతూ వచ్చింది.

మోటార్లు రాకముందే దురుసుగా బండి తోలడం నేరం. గుర్రపుబగ్గీల కాలంలో, 1861లో చేసిన ఒక చట్టంలో ఒళ్లు తెలియకుండా బండి తోలి మనిషికి దెబ్బ తగిలిస్తే జైలు అని రాశారు. ఆ సెక్షన్ ఇప్పటికీ అమల్లోనే ఉంది. అంటే పడుచువాళ్లు, వేగం, వీధిలో జనం చూస్తుండగా చేసే విన్యాసాలు, ఇవేవీ ఈ తరం కనిపెట్టినవి కావు.

తర్వాత ఆవిరి బళ్లు వచ్చాయి. 1865లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఇంజనుతో నడిచే బండి పల్లెదారిలో గంటకి 4 మైళ్లు, ఊళ్లో 2 మైళ్లు మించకూడదు. బండికి కనీసం ముగ్గురు మనుషులుండాలి. అందులో ఒకడు 60 గజాల ముందు ఎర్రజెండా పట్టుకుని నడవాలి. గుర్రాల మీద వచ్చేవాళ్లకీ, నడిచివచ్చేవాళ్లకీ వెనక బండి వస్తోందని చెప్పడం అతని పని. మన ఊళ్లలో తేరు ముందు దారి చేసుకుంటూ నడిచే మనిషిని తలుచుకోండి, సరిపోతుంది. 1878 సవరణలో ఎర్రజెండా తప్పనిసరి కాకుండా పోయింది, ఆ దూరమూ 20 గజాలకి తగ్గింది. కానీ ముందు మనిషి నడవడం మాత్రం ఉంది. ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది గానీ, అందులో ఒక న్యాయం ఉంది. భయం పుట్టించేది నీ బండి కాబట్టి, హెచ్చరించే ఖర్చు కూడా నీదే అన్నారు.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. మోటారు బండి వల్ల పోయిన తొలి ప్రాణంగా చరిత్రకెక్కింది ఒక ఆడమనిషి. మేరీ వార్డ్ అని ఐర్లండు ఆవిడ. సూక్ష్మదర్శినిలో చూసినవాటిని బొమ్మలు గీసి పుస్తకాలు రాసిన శాస్త్రజ్ఞురాలు, బోలెడు మంది పిల్లల తల్లి. 1869 ఆగస్టు 31న బంధువులు సొంతంగా తయారుచేసిన ఆవిరి బండిలో వెళుతుంటే, మలుపు దగ్గర కిందపడి చక్రం కిందకి వెళ్లిపోయింది. అప్పటికి ఆవిడ వయసు 42.

అసలు మలుపు 1896లో వచ్చింది. మన గురజాడ వారి 'కన్యాశుల్కం' పుస్తకంగా అచ్చయినదానికి ముందటి ఏడాది అన్నమాట. ఆ ఒక్క ఏడాదిలో ఇంగ్లండులో మూడు సంగతులు జరిగాయి.

జనవరిలో కెంట్ ప్రాంతంలో వాల్టర్ ఆర్నాల్డ్ అనే ఆయన ప్యాడక్ వుడ్ అనే ఊళ్లో గంటకి 8 మైళ్ల వేగంతో కారు నడిపాడు. అక్కడ హద్దు 2 మైళ్లు. పోలీసు సైకిలెక్కి వెంటపడి పట్టుకున్నాడు. వేగంగా నడిపినందుకు జరిమానా ఒక షిల్లింగు, మిగతా ఖర్చులు వేరే. ఆయన కార్ల వ్యాపారి కూడా కావడంతో పైసా ఖర్చు లేకుండా ఊరంతా ప్రచారం అయింది. పోలీసులు ఆపడం కుర్రాళ్లకి గొప్ప చెప్పుకునే విషయం కావడం కూడా అంత పాతదే.

ఆగస్టు 17న లండన్లో క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర ఉత్సవం చూడ్డానికి బ్రిజెట్ డ్రిస్కాల్ అనే ఇల్లాలు టీనేజి కూతురితో కలిసి వెళ్లింది. ఆవిడకి 44 ఏళ్లు. అక్కడ ఒక కంపెనీ వాళ్లు జనాన్ని కార్లలో ఎక్కించి తిప్పుతున్నారు. ఆ కారు వచ్చి కొట్టింది, ఆవిడ అక్కడే పోయింది. తను 4 మైళ్ల వేగంలోనే ఉన్నానన్నాడు డ్రైవరు. చూసినవాళ్లు మాత్రం చాలా జోరుగా వచ్చిందన్నారు. పంచనామా జూరీ ప్రమాదవశాత్తూ జరిగిన మరణం అని తేల్చింది. ఇలాంటిది మళ్లీ జరగకూడదని ఆ విచారణ చేసిన అధికారి అన్నారట. బ్రిటన్లో పెట్రోలు కారు గుద్ది చనిపోయిన మొదటి పాదచారి ఆవిడే. కూతురి చెయ్యి పట్టుకుని తిరునాళ్లకి వెళ్లిన, నా ఈడు మనిషి. ఆ పేరు చదివిన రోజు నాకు చాలాసేపు వేరే పని సాగలేదు.

మూడోది నవంబరు 14. ఆ రోజు నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. కార్ల ముందు మనిషి నడవక్కర్లేదు. వేగం హద్దు చట్టంలో 14 మైళ్లు, ఆచరణలో 12కి కుదించారు. ఆ సంతోషంలో కార్లవాళ్లు లండన్ నుంచి బ్రైటన్ దాకా ఊరేగింపుగా వెళ్లారు. ఇప్పటికీ ప్రతి నవంబరులో పాత కార్లతో ఆ యాత్ర జరుగుతుంది, జనం దుప్పట్లు కప్పుకుని రోడ్డు పక్కన నిలబడి చూస్తారు. ఆ చట్టంలోనే ఇంకో షరతు ఉంది. ప్రతి కారుకీ గంటో మరొకటో, వినపడేలా హెచ్చరించే సాధనం ఉండి తీరాలి. అంటే ముందు నడిచే మనిషి పోయి, అతని స్థానంలో చప్పుడు వచ్చింది. కారు చప్పుడు చెయ్యాలని మొదట చట్టం అడిగింది ఎదుటివాడి క్షేమం కోసం. అదే చప్పుడు ఇప్పుడు ఎదుటివాడి నిద్ర చెడగొట్టే గొప్పగా మారింది.

1903 చట్టం కార్లకి నంబరు పలకలు తెచ్చింది, 1904 జనవరి 1 నుంచి అమలు. వేగం 20 మైళ్లకి పెరిగింది. అయిదు షిల్లింగులు కడితే లైసెన్సు, పరీక్షేమీ లేదు. నంబరు పెట్టడం కార్లున్న పెద్దమనుషులకి నచ్చలేదు. మరి గుద్ది వెళ్లిపోయినవాణ్ణి గుర్తుపట్టేదెలా? పోలీసులు పొదల చాటున స్టాప్‌వాచీలు పట్టుకుని కూర్చునేవారు. వాళ్ల బారిన పడకుండా 1905లో కార్లవాళ్లు ఒక సంఘం పెట్టుకున్నారు. దారిలో కారు ఆగిపోతే మనం ఫోన్ చేసే ఏఏ, అదే ఇది. ఆ సంఘం మనుషులు సైకిళ్ల మీద తిరుగుతూ, ముందు పోలీసులున్నారని సభ్యుల్ని హెచ్చరించేవారు. 1910లో కోర్టు అది తప్పంది. అప్పుడు వాళ్లు ఓ ఉపాయం కనిపెట్టారు. సభ్యుడి కారు కనపడితే మా మనిషి సెల్యూట్ చేస్తాడు. చెయ్యకపోతే ఆగి ఎందుకు చెయ్యలేదో కనుక్కోండి, అన్నారు. సెల్యూట్ లేదంటే ముందు పోలీసులున్నారని అర్థం! నలభై అయిదేళ్లలో కథ ఎంత తిరగబడిందో చూడండి. నడిచేవాణ్ణి హెచ్చరించాలన్న చట్టం కాస్తా, నడిపేవాణ్ణి హెచ్చరించే వ్యాపారం దగ్గరికి వచ్చింది.

ఆ రోజుల్లో కారంటే డబ్బున్నవాళ్ల ఆట. 1908లో వచ్చిన కెన్నెత్ గ్రాహం పిల్లల నవల 'ద విండ్ ఇన్ ద విల్లోస్'లో కార్ల పిచ్చి పట్టిన కప్పగారు ఒకరున్నారు. తాతలనాటి ఆస్తి, పెద్ద మేడ, కార్లు కొనడం గుద్దడం. చివరికి వేరేవాళ్ల కారు ఎత్తుకుపోయి పట్టుబడితే మేజిస్ట్రేటు శిక్ష వేస్తాడు. దొంగతనానికి ఒక ఏడాది, ఒళ్లు తెలియని వేగానికి మూడేళ్లు, పోలీసులతో పెడసరంగా మాట్లాడినందుకు పదిహేనేళ్లు! మా అమ్మాయి చిన్నప్పుడు చదివి వినిపిస్తూ పడిపడి నవ్వేదాన్ని. ఇప్పుడు మగపిల్లల తల్లులకి అదే చెప్తున్నాను. పోలీసులు ఆపినప్పుడు ముందు నోరు అదుపులో పెట్టుకోమనండి అని.

ఆడవాళ్లు రోడ్డు పక్కన నిలబడి భయపడ్డవాళ్లే అనుకోకండి. డొరొతీ లెవిట్ అనే ఆవిడ ఆ రోజుల్లోనే కార్ల పందేల్లో పేరు తెచ్చుకుంది. 1909లో ఆడవాళ్ల కోసం డ్రైవింగ్ పుస్తకం రాస్తూ, చేతి అద్దం ఒకటి దగ్గర పెట్టుకోండి, అప్పుడప్పుడూ ఎత్తి వెనక ఏమొస్తోందో చూసుకోవచ్చు అని సలహా ఇచ్చింది. కార్లకి వెనక చూసే అద్దాలు మామూలు కాకముందు మాట ఇది. వేగమంటే ఇష్టపడ్డ ఆవిడే వెనకవాళ్ల గురించి కూడా ఆలోచించింది. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. మన పిల్లల్ని చూసి ఆశ వదులుకోనక్కర్లేదని నాకనిపించేది అందుకే.

1930లో ప్రభుత్వం ఒక విచిత్రం చేసింది. ఎవరూ పాటించని వేగం హద్దు ఎందుకని కార్లకి దాన్ని ఎత్తేసింది. అజాగ్రత్తగా నడపడం నేరమని రాసి, బీమా తప్పనిసరి చేసి, మిగతాది పెద్దమనిషి తరహాకి వదిలేసింది. 1934లో బ్రిటన్ రోడ్ల మీద 7,343 మంది చనిపోయారు. రమారమి సగం మంది నడిచివెళ్లేవాళ్లే. అప్పటికి రోడ్ల మీదున్న మోటారు బళ్లన్నీ కలిపి పాతిక లక్షలు కూడా లేవు. 1935 మార్చిలో ఊళ్లలో 30 మైళ్ల హద్దు వచ్చింది, జూన్ నుంచి డ్రైవింగ్ పరీక్ష తప్పనిసరి అయింది. మర్యాదకి వదిలేస్తే ఏమవుతుందో నాలుగేళ్లలో తెలిసింది.

చప్పుడు సంగతి దాని వెనకే నడిచింది. సైలెన్సరు పాడవకుండా చూసుకోవాలి, చప్పుడు పెరిగేలా మార్చకూడదు. ఆగి ఉన్నప్పుడు ఇంజను ఊరికే తిరగనివ్వకూడదు. ఇళ్ల మధ్య రాత్రి 11.30 నుంచి పొద్దున్న 7 దాకా హారను కొట్టకూడదు. ఇవన్నీ 1986 నియమాల్లో ఉన్నాయి, ఇప్పటికీ అవే.

మరి ఇన్ని ఉండగా కొత్తగా ఈ వార్నింగ్ కాగితం ఎందుకొచ్చింది? దానికి ముందు 1991 చెప్పుకోవాలి. 1980ల్లో చిన్న కారులో పెద్ద ఇంజను పెట్టి అమ్మడం జోరందుకుంది. గోల్ఫ్ జీటీఐ, ప్యూజో 205 జీటీఐ లాంటివి. కొనే స్తోమతు లేని పేద పేటల కుర్రాళ్లు వాటిని దొంగిలించి, రాత్రుళ్లు తమ వీధుల్లో విన్యాసాలు చేసేవారు. ఆక్స్‌ఫర్డ్ అంటే మనకి చదువే గుర్తొస్తుంది గదా, ఆ ఊరి అంచునే ఉన్న బ్లాక్‌బర్డ్ లీస్ అనే పేటలో జనం గుమిగూడి ఈ ఆట చూసేవారు. 1991 వేసవి చివర్లో పోలీసులు గట్టిగా దిగేసరికి అక్కడ అల్లర్లయ్యాయి. ఆ సెప్టెంబరులోనే ఉత్తరాన న్యూకాసిల్ దగ్గర దొంగ కారులో పారిపోతూ, పోలీసులు వెంటపడగా ఇద్దరు కుర్రాళ్లు చనిపోయారు. తర్వాత వాళ్ల పేట తగలబడింది. మరుసటి ఏడాది కారు ఎత్తుకుపోయి ప్రమాదాలు చేసేవాళ్లకి శిక్ష పెంచుతూ చట్టం వచ్చింది. వెంటపడితే ప్రాణాలు పోతాయి, వదిలేస్తే వీధి పోతుంది. ఇద్దరు తల్లుల కడుపుకోత తర్వాత మిగిలిన ప్రశ్న అది.

ఆ తర్వాతి తరానికి దొంగతనం అవసరం లేకపోయింది. సెకండ్‌హ్యాండు కారు కొనుక్కుని, పార్ట్‌టైము జీతంతో దాన్ని ముస్తాబు చేసుకుని, పార్కింగ్ స్థలాల్లో చేరడం మొదలుపెట్టారు. కారు వాళ్లదే, లైసెన్సు ఉంది, బీమా ఉంది. ఏ ఒక్క పనీ పెద్ద నేరంలా కనపడదు. కానీ పక్కనున్న వంద ఇళ్లకి నిద్ర లేదు. 2002 పోలీసు సంస్కరణల చట్టంలో సెక్షన్ 59 వచ్చింది దీనికోసమే.

అందులో రెండు షరతులున్నాయి. ఒకటి, అజాగ్రత్తగా గానీ ఎదుటివారిని పట్టించుకోకుండా గానీ నడపాలి. అనుమతి లేని చోట, పొలాల్లోనో పార్కుల్లోనో నడిపినా అంతే. రెండు, దానివల్ల జనానికి భయమో, బాధో, చిరాకో కలగాలి. చిరాకు! నేను రెండుసార్లు చదివాను. ఎవరికీ దెబ్బ తగలక్కర్లేదు. రోడ్డు పక్క ఇంట్లో పిల్లని జోకొడుతున్న తల్లికి కలిగిన చిరాకుకి చట్టంలో చోటు దొరికింది. యూనిఫాంలో ఉన్న పోలీసు ఆ కారు ఆపొచ్చు, స్వాధీనం చేసుకోవచ్చు. అయితే అంతకుముందు ఒకసారి హెచ్చరించాలి. ఆ హెచ్చరిక పన్నెండు నెలలు మెడ మీద ఉంటుంది. ఈలోపు మళ్లీ అదే తరహా పని చేస్తే ఇంకో హెచ్చరిక అక్కర్లేదు, కారు తీసుకెళ్లిపోవచ్చు.

ఇప్పుడు మా స్నేహితురాలి సంగతి. నాకన్నా నాలుగేళ్లు చిన్నది, అక్కా అని పిలుస్తుంది. స్కూల్లో పిల్లలకి అన్నాలు వడ్డించే పని చేస్తుంది. కారు తనదే. కొడుకు యూనివర్సిటీలో రెండో ఏడు, సెలవలకి వచ్చినప్పుడు అదే నడుపుతాడు. ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసింది.

"అక్కా, రాత్రి వీణ్ణి పోలీసులు ఆపారట. ఏదో కాగితం ఇచ్చారు. ఫైన్ లేదు, పాయింట్లు లేవు, కోర్టూ లేదు. వార్నింగ్ ఇచ్చి వదిలేశారంతే. వాళ్ల నాన్నకి చెప్పకుండా ఊరుకోనా? తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తారు."

"కాగితం ఫొటో తీసి పంపవే" అన్నాను.

"పంపుతా. ఇంకోటక్కా, ఈ మధ్య కారు గొంతు మారినట్టుంది. పాతబడిందేమో అనుకున్నా. వీడే ఎగ్జాస్ట్ మార్పించాడట."

ఆ రోజు నేను చదివి ఆవిడకి చెప్పిన రెండు సంగతులు మీకూ చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో చాలామందికి ఇవి తెలియవు.

మొదటిది, చట్టం ప్రకారం ఆ హెచ్చరిక మనిషిని అంటిపెట్టుకుని ఉంటుంది. ఏ కారులో ఉండగా ఇచ్చారన్నది ముఖ్యం కాదు. మీ అబ్బాయికి స్నేహితుడి కారులో వార్నింగ్ వచ్చి, ఆర్నెల్ల తర్వాత మీ కారు తీసుకెళ్లి అదే పని చేస్తే పోయేది మీ కారు. సోమవారం పొద్దున్న మీరు పనికి వెళ్లాల్సిన కారు. ఇంటి ముందో గ్యారేజీలోనో ఉంటే ఏం చేస్తారనుకోవడానికీ లేదు. ఇంట్లోకి జొరబడే అధికారం ఈ సెక్షన్ ఇవ్వదు గానీ, గ్యారేజీని ఇల్లుగా లెక్కపెట్టదు.

రెండోది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. కారు తీసుకెళ్లాక దాన్ని విడిపించుకోవడానికి డబ్బు కట్టాలి, రోజుకింత అని అద్దె కూడా. యజమాని వేరే మనిషైతే ఆ డబ్బు నుంచి మినహాయింపు ఉంది. కానీ ఆ సమయంలో నడిపింది నేను కాదు, అలా వాడుతున్నారని నాకు తెలియదు, నేను ఒప్పుకోలేదు, మామూలు జాగ్రత్తతో నేను ఆపగలిగేది కూడా కాదు అని చూపించాలి. వార్నింగ్ కాగితం ఇంటికి రాకముందు అమ్మ ఈ మాటలు నిజాయితీగా అనగలదు. వచ్చాక, చదివాక, 'నాకు తెలియదు' అనే తలుపు మూసుకుపోతుంది. ఆ కాగితం పిల్లవాడి పేరు మీద ఉన్నా, నిజానికి అది ఇంటికి వచ్చిన ఉత్తరం.

"అయితే ఆయనకి చెప్పాల్సిందేనంటావు" అంది.

"తాళాలు ఇద్దరి దగ్గరా ఉంటాయి కదే. ఒకరికి తెలిసి ఒకరికి తెలియకపోతే ఎలా?" అన్నాను.

చెప్పింది. ఆవిడ భయపడ్డట్టే గంటసేపు కేకలు. తర్వాత ఆయనే వారంలో పాత సైలెన్సరు పెట్టించుకొచ్చారు. రాత్రి తొమ్మిది దాటాక తాళాలు ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఉంటాయి. పిల్లవాడు ముభావంగా ఉంటున్నాడు, "నేనేమైనా హత్య చేశానా" అని ఒకసారి అడిగాడట. వాడి వైపునుంచి అదీ నిజమే. వచ్చే ఏడాది మార్చి దాకా ఆ ఇంట్లో ఈ గడువు నడుస్తుంది.

వాడు ఇంకో మాట కూడా అన్నాడట. మేం నల్లగా ఉన్నామని ఆపారమ్మా అని. ఆ మాటని కొట్టిపారెయ్యలేను. ఈ దేశంలో పోలీసులు ఏ కారునైనా కారణం చెప్పకుండా ఆపొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. 'చిరాకు' అన్నది కూడా సాగదీస్తే సాగే మాటే. ఎవరి చిరాకుకి ఎక్కువ విలువ, ఎవరి కారు ముందు ఆగుతుంది అన్న ప్రశ్నలు ఉండనే ఉంటాయి. వాణ్ణి ఆపడం న్యాయమా కాదా అన్నది ఒకటి, వాడు ఆ రాత్రి చేసింది మంచిదా కాదా అన్నది ఇంకొకటి. రెండూ విడివిడిగా మాట్లాడమని ఆవిడకి చెప్పాను. మొదటిదాని గురించి పిల్లవాడితో ఒప్పుకుంటేనే రెండోదాని గురించి వాడు మన మాట వింటాడు.

ఇది పేదవాళ్ల పిల్లల మీదే పెట్టిన చట్టం అనుకోవడానికి కూడా లేదు. లండన్లో అత్యంత ఖరీదైన నైట్స్‌బ్రిడ్జ్ వీధుల్లో ప్రతి వేసవిలో గల్ఫ్ దేశాల శ్రీమంతుల పిల్లలు కోట్ల ఖరీదు కార్లు తెచ్చుకుని అర్ధరాత్రి దాకా రొద చేసేవారు. అక్కడివాళ్ల మొర విని 2015లో స్థానిక కౌన్సిల్ ప్రత్యేక ఉత్తర్వు తెచ్చింది. ఇంజను గర్జింపజేసినా, ఉన్నపాటున దూకించినా, పాటలు హోరెత్తించినా 100 పౌన్ల జరిమానా, కోర్టుకెళితే 1,000 దాకా. 2020లో శబ్దాన్ని పట్టే కెమెరాలు కూడా పెట్టి చూశారు. అటు బర్మింగ్‌హామ్ పక్కనున్న పారిశ్రామిక పట్టణాలు నాలుగూ కలిసి హైకోర్టుకి వెళ్లి, 2015 నుంచి ఇలాంటి కార్ల జాతర్లే నిషేధం చేయించుకున్నాయి. దాన్ని మీరితే కోర్టు ధిక్కారం, జైలుకి కూడా పంపొచ్చు. అక్కడ కాగితం ఇచ్చి వదిలెయ్యడం లేదు.

మన దగ్గర సంగతికొస్తే, మోటారు బళ్ల చట్టాలకి మూలం తెల్లవాళ్ల కాలందే. 1914లో మొదటిది, తర్వాత 1939, ఇప్పుడున్నది 1988ది. విశాఖలో పోలీసులు చప్పుడు చేసే సైలెన్సర్లని బళ్లనుంచి ఊడబీకి, రోడ్డు మీద పరిచి తొక్కించిన వీడియో మీరూ వాట్సాప్‌లో చూసే ఉంటారు. అంతకన్నా మనం గమనించాల్సింది 2019 సవరణలో వచ్చిన 199ఏ సెక్షన్. పద్దెనిమిది నిండని పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే, దోషి తల్లిదండ్రో బండి యజమానో. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు, పిల్లవాడికి పాతికేళ్లొచ్చేదాకా లైసెన్సు లేదు. తప్పించుకునే దారి అక్కడా ఒక్కటే: నాకు తెలియదు, లేదా నేను చెయ్యాల్సిన జాగ్రత్తంతా చేశాను అని రుజువు చేసుకోవడం. రెండు దేశాల చట్టాలూ తిరిగి తిరిగి అమ్మానాన్నల్ని అడుగుతున్న ప్రశ్న అదే. నీకు తెలుసా? తెలిసి ఏం చేశావు?

చివరగా ఒక కొత్త సంగతి. 2025 ఫిబ్రవరిలో బ్రిటిష్ ప్రభుత్వం పార్లమెంటులో పెట్టిన నేరాల బిల్లులో, సెక్షన్ 59లోని ముందు హెచ్చరించాలన్న షరతుని తీసేయాలని ప్రతిపాదించారు. అంటే మొదటిసారికే కారు పట్టుకెళ్లొచ్చు. చాలామంది ఇది మంచిదే అంటున్నారు, రోజూ రాత్రి ఆ రొద భరించేవాళ్లు అనక ఏమంటారు. నాకు మాత్రం ఆ ఒక్క కాగితం పోతుందంటే కొంచెం బెంగగా ఉంది. కుర్రాడి తప్పుకీ ఇంటిల్లిపాదీ నష్టానికీ మధ్య అది ఇచ్చే ఏడాది వ్యవధి చిన్నదేం కాదు. అంతలో ఇంట్లో మాట్లాడుకోవచ్చు, తాళాలు దాచొచ్చు, సైలెన్సరు మార్చొచ్చు.

ఆ కాగితం ఉన్నన్నాళ్లూ దాన్ని వాడుకుందాం. మీ ఇంటికి వస్తే ముందు పూర్తిగా చదవండి. మీ ఆయనకీ చూపించండి, తారీఖు క్యాలెండరులో రాయండి. పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, ఇది ఎవరి నిద్ర కోసం రాసిన చట్టమో చెప్పండి. బ్రిజెట్ డ్రిస్కాల్ పేరు కూడా చెప్పండి. ఆవిడ ముందు జెండా పట్టుకుని ఎవరూ నడవలేదు.